నవాబ్ జఫర్ జంగ్ గారి దుర్భిణి

పిల్లల చదువులకు మా సంఘం చందాలు అడిగినప్పుడల్లా, ఫలితం ఎప్పుడు కనబడుతుందని కొందరు అడుగుతుంటారు. వారికోసం హైదరాబాదు నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ గారి చరిత్ర ఇక్కడ మనవి చేస్తున్నాము.

నవాబు గారు నిజాం సంస్థానంలో పేరుపొందిన అమీరు. ఆయన మనసు ఆకాశం మీదికి పోయింది. 1901లో ఇంగ్లండులో 15 అంగుళాల పెద్ద దుర్భిణి కొని, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో నక్షత్ర పరిశోధనాశాల ఏర్పాటు చేశారు. దానికి తన పేరు పెట్టుకోలేదు. నిజాం పేరున నిజామియా అన్నారు. 1907లో ఆయన కాలం చేశారు. 1908లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొంది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది. ఆయన కొన్న దుర్భిణిని బిగించింది మాత్రం 1922లో!

ఆయన దానిని కొన్న రోజుల్లో శాస్త్రజ్ఞులకు వెలుగు గురించి ఒక చిక్కు ప్రశ్న ఉండేది. మన కృష్ణపట్నం దగ్గర, సాగిపోయే పడవలోంచి ముందుకు రాయి విసిరితే, పడవ వేగం కూడా రాయికి తోడవుతుంది. మరి ఆ పడవలోని లాంతరు వెలుగుకో? తోడవదని 1905లో ఐన్‌స్టీన్ చెప్పారు. దీపం దగ్గరికి వచ్చినా దూరం పోయినా వెలుగు వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లే.

1913లో హాలెండు శాస్త్రజ్ఞుడు డీ సిట్టర్ దీనికి జంట నక్షత్రాలను సాక్ష్యంగా చూపారు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే ఈ చుక్కలు కొంతసేపు మనవైపు వస్తాయి, కొంతసేపు దూరం జరుగుతాయి. వచ్చేటప్పటి వెలుగు త్వరగా, పోయేటప్పటిది నిదానంగా నడిస్తే, ఏళ్ళ తరబడి ప్రయాణంలో వెనుక బయలుదేరింది ముందుదాన్ని దాటేస్తుంది. అప్పుడు ఒకే చుక్క ఒకేసారి రెండు చోట్ల కనబడాలి. అలా ఎన్నడూ కనబడలేదు. వేగం మారదు, రంగు మాత్రం, దగ్గరికొస్తే నీలం వైపు, దూరమైతే ఎరుపు వైపు, కాస్త జరుగుతుంది. చుక్కల నడకను శాస్త్రజ్ఞులు ఆ తేడాతోనే కొలుస్తారు.

నిజామియా వారసులు 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి నెలకొల్పి, జంట నక్షత్రాలను కూడా పరిశీలించారు.

ఇవేవీ నవాబు గారు చూడలేదు. సొమ్ము ఆయనది, ఫలితం తరువాతి తరాలది. సదఖా జారియా అంటే ఇదే కదా! మన తీరపు ఊళ్ళలో ఒక బిడ్డ చదువుకు మనమిచ్చే పది రూపాయలూ ఆ కోవలోనివే. లెక్క చూసుకోవడానికి మనం ఉండకపోవచ్చు. ఇవ్వడం మాత్రం మన పని. అల్లాహ్ ఆ దాతకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక! ఆమీన్.