పాఠమునకు పూర్వము బాలుని చదివిన గురువు – హెర్బార్టు

పాఠశాలలో గంట మ్రోగును. ఉపాధ్యాయుడు తరగతిలో ప్రవేశించును. ఆయన చేతిలో పాఠ్యపుస్తకముతోపాటు మఱియొక పుస్తకముండును. విద్యార్థులు దానిని ప్రతిదినము చూచుచునే యుందురు గాని, అందేమున్నదో యెఱిగినవారు తక్కువ. అది పాఠ్యప్రణాళికల పుస్తకము. నేటి పాఠమును దేనితో నారంభింపవలెను, ఏ ప్రశ్నలడుగవలెను, నల్లబల్లపై నేమి వ్రాయవలెను, ఇంటికేమి పని యీయవలెను అను విషయములన్నియు అందు ముందుగనే వ్రాయబడియుండును. ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివాడును ఈ పుస్తకమును వ్రాసినవాడే. ఈ పద్ధతికి మూలపురుషుడు జర్మనీ దేశీయుడగు యోహాన్ ఫ్రీడ్రిక్ హెర్బార్టు. ఆ విద్యావేత్త జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగ తెలుపదలచితిమి.

హెర్బార్టు 1776వ సంవత్సరము మే 4వ తేదీన ఉత్తర జర్మనీలోని ఓల్డెన్‌బుర్గు పట్టణమున జన్మించెను. తాత ఆ పట్టణమునందలి లాటిను పాఠశాలకు అధిపతి. తండ్రి న్యాయశాఖలో ఉద్యోగి. పసితనమున ఆ బాలుడు సలసల క్రాగు నీటితొట్టిలో పడెను. ప్రాణము దక్కెను గాని, శరీరము చాలకాలము దుర్బలముగనే యుండెను. అందుచేత పండ్రెండేండ్లవఱకు ఇంటియందే చదువు సాగెను. తల్లి మిక్కిలి పట్టుదలగల స్త్రీ. కుమారునికి పాఠము చెప్పు సమయమున ఆమెయు ప్రక్కనే కూర్చుండెడిది. అతనికి తోడ్పడుటకై తానును గ్రీకుభాష నేర్చుకొనెను. తల్లి తోడి చదువు యెంతటి బలమో హెర్బార్టు బాల్యముననే అనుభవించెను.

1794లో ఆయన యేనా విశ్వవిద్యాలయమున చేరి, ప్రసిద్ధ తత్త్వవేత్తయగు ఫిఖ్టే యొద్ద శిష్యుడయ్యెను. గురువునెడ గౌరవముండినను, ఆయన సిద్ధాంతములను పరీక్షింపక అంగీకరింపలేదు. చదువు పూర్తికాకమునుపే, 1797లో, స్విట్జర్లాండునకు పోయి, ఇంటర్లాకెను ప్రాంతమున అధికారిగానున్న ష్టైగరు అనువాని ముగ్గురు కుమారులకు గృహోపాధ్యాయుడయ్యెను. అప్పుడు హెర్బార్టు వయస్సు దాదాపు ఇరువదియొక్క సంవత్సరము. శిష్యుల వయస్సులు పదునాలుగు, పది, ఎనిమిది.

ఈ ముగ్గురు బాలురే ఆయనకు నిజమైన గురువులైరని మేము తలంతుము. బాలుర తండ్రి ఒక నియమము పెట్టెను. బాలుర చదువు, నడవడి ఎట్లున్నవో, ఏ పద్ధతిని బోధించుచున్నాడో ఉపాధ్యాయుడు రెండు నెలలకొకసారి లేఖారూపమున తెలుపవలెను. ఇంతటి పని మఱియొకనికి భారముగ తోచియుండును. హెర్బార్టునకు అది తపస్సయ్యెను. కడచిన రెండు నెలలలో ఏమి జరిగినది, ఏది ఫలించినది, ఏది ఫలింపలేదు, రాబోవు దినములలో ఏమి చేయవలెను అని ఆయన వ్రాయుచు ఆలోచించెను, ఆలోచించుచు వ్రాసెను. ఆ లేఖలలో ఐదు నేటికిని నిలిచియున్నవి. నేటి ఉపాధ్యాయులు వ్రాయు ప్రణాళికలకు వానిని తొలి నమూనాలనవచ్చును.

ముగ్గురికిని ఒకే పాఠము చెప్పుట సాధ్యము కాలేదు. ఒక్కొక్కని స్వభావము వేఱు, వయస్సు వేఱు, అభిరుచి వేఱు. గ్రీకుభాషను నేర్పునపుడు ఆయన వ్యాకరణసూత్రములకన్న హోమరు రచించిన ఒడిస్సీ కావ్యమునకు ప్రాధాన్యమిచ్చెను. సముద్రప్రయాణములు, రాక్షసులు, ఓడలు, ఇంటికి తిరిగిరాగోరు వీరుడు – ఇవి పిల్లలకు సహజముగ ప్రియమైనవి. ప్రియమైన దానిని పట్టుకొని క్రొత్తదానిలోనికి నడిపింపవచ్చునని ఆయన గ్రహించెను. స్విట్జర్లాండునందున్న కాలముననే ఆయన పెస్టలోజీ అను మహోపాధ్యాయుని దర్శించి, వస్తువులను కన్నులార చూపి బోధించు పద్ధతిని మెచ్చుకొనెను.

1802లో గొట్టింగెను విశ్వవిద్యాలయమున ఆయన బోధకుడయ్యెను. 1806లో విద్యాశాస్త్రముపై తన ప్రధానగ్రంథమును ప్రకటించెను. 1809లో కోనిగ్స్‌బర్గు నగరమున, పూర్వము కాంటు అధిష్ఠించిన ఆచార్యపీఠము ఆయనకు లభించెను. మరుసటి సంవత్సరమే ఉపాధ్యాయుల శిక్షణకై ఒక విద్యాశాలను స్థాపించి, దానికి చిన్న అభ్యాసపాఠశాలను జతచేసెను. బోధనను గూర్చి ఉపన్యసించుట చాలదు, పిల్లల యెదుట నిలిచి బోధించి చూపవలెనని ఆయన నిశ్చయము.

ఆయన సిద్ధాంతము సులభముగనే తెలియును. బాలుని మనస్సు ఖాళీకుండ కాదు. అందు ఇదివఱకే ఎన్నియో భావములు నిలిచియున్నవి. క్రొత్త భావము లోనికి వచ్చినపుడు ఈ పాత భావములే దానికి స్వాగతము చెప్పి చోటిచ్చును. పరిచితమైనదేదియు లేనిచో అది గుమ్మమునొద్దనే నిలిచిపోవును. కావున ఉపాధ్యాయుడు ముందుగ బాలుని పూర్వజ్ఞానమును తెలిసికొనవలెను. తరువాత విషయమును స్పష్టపఱచుట, పాతదానితో సంబంధించుట, క్రమమున నమర్చుట, అభ్యాసమున వినియోగించుట అను నాలుగు మెట్లను హెర్బార్టు సూచించెను. ఒక విషయమున మునుగుట, పైకి తేలి దానిని మననము చేయుట – ఈ రెండును ఉచ్ఛ్వాసనిశ్వాసములవలె మనస్సునకు అవసరమని ఆయన భావించెను.

1833లో ఆయన మరల గొట్టింగెను చేరెను. 1837లో అచ్చటి రాజు రాజ్యాంగమును రద్దుచేయగా, ఏడుగురు ఆచార్యులు నిరసించి ఉద్యోగములు కోల్పోయిరి. గ్రిమ్ము సోదరులును వారిలోనివారే. హెర్బార్టు అప్పుడు తన విభాగమునకు అధ్యక్షుడై యుండియు వారి పక్షమున నిలువలేదు. అందుకై పలువురు ఆయనను నిందించిరి. విద్యకు పరమార్థము శీలమేయని బోధించిన మహనీయుని జీవితమున ఇది యొక కొఱతయే. దీనిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. 1841 ఆగస్టు 14వ తేదీన ఆయన పరమపదించెను.

ఆయన కీర్తి మరణానంతరమే వ్యాపించెను. లైప్‌జిగు నగరమున జిల్లరు, యేనాలో రైను అను ఆచార్యులు ఆ నాలుగు మెట్లను ఐదుగ దిద్దిరి. సన్నాహము, విషయనివేదనము, సంబంధనిరూపణము, సామాన్యీకరణము, ప్రయోగము అను ఈ ఐదును ఐరోపా, అమెరికాలందు వ్యాపించి, ఆంగ్లేయుల మూలమున మన దేశపు శిక్షణకళాశాలలకును వచ్చినవి.

వీని నుపయోగమొక ఉదాహరణముచే తెలియును. నీరు ఆవిరియగుటను గూర్చి ఆఱవ తరగతికి పాఠము చెప్పవలెననుకొందము. మా గంజాం తీరమున ఉప్పుమళ్ళను చూడని బాలుడు అరుదు. ఇంటిలో అమ్మ కూర ఇగిరించుట చూడని బాలుడు అసలే లేడు. ఉపాధ్యాయుడు మొదట వానినిగూర్చియే అడుగును. ఇది సన్నాహము. పిమ్మట పళ్ళెములో ఉప్పునీరు పోసి యెండలో నుంచి, నీరు పోయి ఉప్పు మిగులుట చూపును. ఇది నివేదనము. ఆరుచున్న బట్టలతోను, ఎండిన చెఱువుతోను పోల్పించును. ఇది సంబంధనిరూపణము. వేడిచే నీరు ఆవిరియై గాలిలో కలియునను సూత్రమును విద్యార్థుల చేతనే చెప్పించును. ఇది సామాన్యీకరణము. గాలి వీచునపుడు బట్టలు త్వరగ నేల యారునో యోచింపుమని ఇంటిపని యిచ్చును. ఇది ప్రయోగము. బాష్పీభవనమను పెద్దమాట అప్పుడు బాలునికి పరాయిది కాదు. ఇగురు అను ఇంటిమాట దానికి చేయందించినది.

సంవత్సరప్రణాళికయు ఇట్టిదే. ఉపాధ్యాయుడు పనిదినములను లెక్కించి, సెలవులను, పరీక్షలను తీసివైచి, పునశ్చరణమునకు కొన్నిదినములుంచి, మిగిలినవానిని పాఠములకు పంచును. అయితే దినముల పంపకము కన్న పాఠముల వరుస ముఖ్యము. భిన్నములు రాని బాలునికి శాతములు రావు. శాతములు రానివానికి వడ్డీలెక్క రాదు. ముందటి మెట్టు గట్టిపడకున్న పై మెట్టు నిలువదు.

కాని మెట్లనే లక్ష్యముగ భావించి, పద్యమును సైతము ఐదు ముక్కలు చేసినవారును గలరు. అట్టి బోధనలో ఉపాధ్యాయుని పనియే యెక్కువ, విద్యార్థి స్వయంకృషికి తావు తక్కువయని అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1916లో ప్రకటించిన గ్రంథమున విమర్శించెను. ఆ విమర్శ న్యాయమైనది. హెర్బార్టు ప్రణాళిక ముగ్గురు బాలుర ముఖములు చూచి పుట్టినది. ముఖములు చూడక వ్రాసిన ప్రణాళిక కాగితము మాత్రమే.

ఈ చరిత్రము మావంటి ఒరియా రాష్ట్రమునందలి తెలుగువారికి విశేషముగ ఉపయోగించును. మా బిడ్డల పూర్వజ్ఞానమేది? అమ్మ చెప్పిన కథ, తాత చెప్పిన సామెత, వంటింటి మాట – ఇవన్నియు తెలుగున నున్నవి. వీధిలో నేర్చిన ఒరియాయు వారి ధనమే. ఈ సంపదను గుమ్మము వెలుపల విడిచి రమ్మనినచో క్రొత్తచదువు దేనిని పట్టుకొని లోనికి రావలెను? పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల బిడ్డలకు విద్య గఱపుటకై ముందు తాము సవరభాష నేర్చి, పిదప ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. వారు హెర్బార్టు ననుసరించిరని మేమనము. బిడ్డ నిలిచియున్న చోటికి గురువే ముందు నడచి పోవలెనను సత్యమును ఇరువురును తెలిసికొనిరి.

కావున తలిదండ్రులకు మా మనవి యొక్కటే. బిడ్డ బడినుండి రాగానే నేడేమి చదివితివని తెలుగున అడుగుడు. హెర్బార్టు తల్లివలె గ్రీకు నేర్వనక్కఱలేదు, కొంతసేపు ప్రక్కన కూర్చుండిన చాలును. విద్యార్థులారా! మీ గురువు మొదటి ప్రశ్న అడిగినపుడు, తెలిసినదే కదా యని యుపేక్షింపక ఉత్తరమిండు. రాబోవు పాఠమునకు ఆ యుత్తరమే పునాది.