నొప్పి విలువ తెలిసిన వేలూరు డాక్టరు

గత ఏడాది చిత్తూరు నుంచి హ్యూస్టన్‌లోని మా ఇంటికి వచ్చిన నాన్న, నేను కొనిచ్చిన కొత్త బూట్లు వేసుకుని వాకింగ్‌కి వెళ్లారు. తిరిగొచ్చి సాక్స్ విప్పితే ఒకటి నెత్తుటితో తడిసి ఉంది. బొటనవేలి కింద బొబ్బ పగిలి పుండైంది. ఆయనకు నొప్పే తెలియలేదు. 20 ఏళ్ల షుగర్ పాదాల్లో స్పర్శను పోగొట్టిందని ఆ రోజే మాకు అర్థమైంది.

పాదాల డాక్టరు కాలికి పిండికట్టు వేస్తూ, ఈ పద్ధతిని అమెరికాకు తెచ్చింది పాల్ బ్రాండ్ అని చెప్పారు. నాన్న ముఖం వెలిగింది. చిత్తూరు వాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరే కదా! ఆ పేరు ఆయన అక్కడే విన్నారట.

బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో ఇంగ్లిష్ మిషనరీ దంపతులకు పుట్టారు. తొమ్మిదో ఏట చదువుకోసం ఇంగ్లండ్ వెళ్లారు. లండన్‌లో వైద్యం చదివి, 1946లో వేలూరు సీఎంసీకి సర్జన్‌గా వచ్చారు.

కుష్టువ్యాధే వేళ్లను తినేస్తుందని అప్పట్లో నమ్మేవారు. బ్రాండ్ రోగులను దగ్గరుండి గమనించారు. నరాలు చచ్చుబడటంతో వారికి నొప్పి తెలియదు. ముల్లు గుచ్చుకున్నా అలాగే నడుస్తారు. నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాదు. తెలియకుండా తగిలే దెబ్బలే వేళ్లను పోగొడుతున్నాయని ఆయన తేల్చారు. వంకర్లు పోయిన చేతులకు ఆపరేషన్లు చేశారు. కాళ్లకు మెత్తటి రబ్బరు చెప్పులు చేయించారు. ఇప్పుడు షుగర్ ఉన్నవారు వాడే ఎంసీఆర్ చెప్పులు ఆ కోవలోవే.

ఒకసారి లండన్‌లో రైలు దిగాక ఆయన మడమ మొద్దుబారింది. సూది గుచ్చుకున్నా తెలియలేదు. తనకూ కుష్టు సోకిందని రాత్రంతా కుమిలిపోయారు. తెల్లారి మళ్లీ గుచ్చుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. రైల్లో నరం నొక్కుకుపోయిందంతే! నొప్పి ఎంత పెద్ద వరమో ఆయనకు ఆ ఉదయం తెలిసింది.

1966లో లూసియానాలోని కార్విల్ కుష్టు ఆసుపత్రికి వచ్చారు. షుగర్ రోగుల పాదాల్లోనూ అవే పుండ్లు, అదే కారణం. ఒత్తిడి ఒకేచోట పడకుండా పాదమంతా పరుచుకునేలా పిండికట్టు వేస్తే పుండ్లు మానేవి. ఎందరి కాళ్లో అలా దక్కాయి. 2003లో సియాటిల్‌లో కన్నుమూశారు.

నాన్న పుండు కొన్ని వారాల్లో మానింది. ఇప్పుడు ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో తిరగరు. గుడిలోకి సాక్స్‌తో వెళ్తారు. బూట్లు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూస్తారు. స్నానం నీళ్ల వేడిని అమ్మ చూస్తుంది. ఎక్కడైనా ఎర్రబడినా, ఒక కాలికంటే మరో కాలు వేడిగా అనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నది మా ఇంటి నియమం.

చిత్తూరు వెళ్లాక కూడా రోజూ వీడియో కాల్‌లో నాకు అరికాళ్లు చూపిస్తారు. ఎదుటివారి ముఖానికి కాళ్లు పెట్టడం తప్పని మొదట్లో మొహమాటపడ్డారు. ఇప్పుడు నేను మరిచిపోతే ఆయనే గుర్తుచేస్తున్నారు.