యల్లాప్రగడ సుబ్బారావు

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చిన్ననాట చదువులో రాణించినవాడు కాడు. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరితే, నిడదవోలులో పెద్దలు పట్టుకొని వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడు ఆగ్రహించగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసివచ్చింది.

ఇంతలో ఇంట పిడుగు పడింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి సోదరులు ఇద్దరు స్వల్ప వ్యవధిలో బలయ్యారు. ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, రక్తం క్షీణించి, రోగి శుష్కించిపోయే వ్యాధి అది. నాటి వైద్యుల వద్ద దానికి తగిన మందు లేదు.

మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ధనసహాయంతో సుబ్బారావు అమెరికా చేరి, హార్వర్డులో చదువుతూ, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచి పొట్టపోసుకున్నాడు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. ఆ పద్ధతి జీవరసాయన శాస్త్రానికి నిత్యోపకరణమైంది. అయినా హార్వర్డులో శాశ్వతమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు మారి, రెండేళ్లకే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు.

గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారం తగ్గిస్తుందని లూసీ విల్స్ బొంబాయిలో గమనించి 1931లో ప్రకటించింది. కాలేయంలోనూ ఉండే ఆ పదార్థమేదో తేల్చడం సులభం కాలేదు. అది అత్యల్ప మాత్రలో లభిస్తుంది. పైగా దాని నిర్మాణం జటిలం. కర్బన పరమాణువులతో పాటు నత్రజని పరమాణువులు కూడా చేరి ఏర్పడిన వలయాలు గల సమ్మేళనాలను విషమచక్రీయ సమ్మేళనాలంటారు. ఫోలిక్ ఆమ్లంలోని టెరిడీన్ భాగం అట్టిదే: అతుక్కొని ఉన్న రెండు వలయాలు, వాటిలో నాలుగు నత్రజనులు. దీనికి పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం జతపడి ఉంటాయి. సుబ్బారావు బృందం దానిని కాలేయం నుండి శుద్ధపరచి, నిర్మాణాన్ని నిర్ణయించి, ప్రయోగశాలలో సంశ్లేషించింది. 1946లో వెలువడిన ఆ వ్యాసానికి కర్తలు పదహారుమంది. ఇది ఒక్కరి విజయమని చెప్పడం ఉచితం కాదు. ఆ కృత్రిమ విటమిన్‌తో స్ప్రూ రోగుల రక్తం కోలుకున్నది. సోదరులు మరణించి అప్పటికి పాతికేళ్లు దాటింది.

ఫోలిక్ ఆమ్లపు కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను రక్తక్యాన్సరు బాధితులైన పిల్లలకు ఇవ్వగా వ్యాధి తగ్గకపోగా విజృంభించింది. అంటే క్యాన్సరు కణాలకు కూడా ఆ విటమినే ఆహారమన్నమాట. అట్లయితే దానినిపోలిన నకిలీని అందిస్తే కణం మోసపోవాలి. టెరిడీన్ వలయం మీది హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో సమూహాన్ని నిలిపి సుబ్బారావు సహచరులు అమైనోప్టెరిన్‌ను తయారుచేశారు. దానిని పొందిన పదహారుమంది పిల్లలలో పదిమందికి ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఉపశమనం తాత్కాలికమే. కాని దాని సంబంధి అయిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్తక్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుకలో ఉంది. బోదకాలు నివారణకై మన పల్లెలలో ఇంటింటా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుండి వచ్చినదే.

ఫార్బర్ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. వయస్సు 53. దేశం విడిచి వెళ్లిన తరువాత ఆయన ఒక్కసారైనా తిరిగి రాలేదు. అర్ధాంగి శేషగిరి ఆయనను మరల చూడలేదు.