యుద్ధం గెలిచేలోపే.. రూజ్‌వెల్ట్‌ను ఓడించిన బీపీ!

1945 ఏప్రిల్ 12. జర్మనీ లొంగిపోవడానికి ఇంకా నెల రోజులు కూడా లేదు. జార్జియా రాష్ట్రం వార్మ్ స్ప్రింగ్స్‌లోని కాటేజీలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన బొమ్మ గీస్తున్న చిత్రకారిణి ముందు కూర్చున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తల వెనుక విపరీతమైన నొప్పి అంటూ కుప్పకూలిపోయారు. డాక్టర్ వచ్చి చూసేసరికి బీపీ 300/190 దాటింది. 3.35 గంటలకు కన్నుమూశారు. మెదడులో రక్తస్రావమే కారణమని డాక్టర్లు చెప్పారు. అప్పటికి ఆయన వయసు 63 ఏళ్లే.

1882లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో పుట్టిన రూజ్‌వెల్ట్‌కు 39 ఏళ్ల వయసులో జబ్బు చేసి కాళ్లు చచ్చుబడ్డాయి. అది పోలియో అన్నారు. అయినా ఆగలేదు. 1932 నుంచి వరుసగా నాలుగుసార్లు అధ్యక్షుడిగా గెలిచారు. మహామాంద్యాన్ని, ప్రపంచ యుద్ధాన్ని ఎదుర్కొన్నారు. కానీ లోపల బీపీ పెరుగుతూనే ఉంది. 1935లో 136/78.. 1937లో 162/98.. 1941లో 188/105!

ఇంతకీ బీపీ పెరిగితే మెదడులో ఏం జరుగుతుంది? ధమని గోడలో సన్నని కండరం ఉంటుంది. లోపలి ఒత్తిడి పెరిగి గోడ సాగగానే ఆ కండరం తనంతట తానే బిగుసుకుంటుంది. నాళం సన్నబడి, మెదడుకు రక్తం అతిగా దూసుకెళ్లకుండా ఆపుతుంది. ఒత్తిడి తగ్గితే వదులవుతుంది. దీనికి నరాల ఆదేశం అక్కర్లేదు. ధమని గోడకున్న ఈ గుణాన్ని 1902లోనే బ్రిటన్ శాస్త్రవేత్త విలియం బేలిస్ వివరించారు.

అయితే దీనికీ ఓ హద్దు ఉంది. ఆరోగ్యవంతుల్లో సగటు రక్తపోటు దాదాపు 60 నుంచి 150 మధ్య ఉన్నంతవరకే ఈ రక్షణ బాగా పనిచేస్తుంది. హైబీపీ ఏళ్ల తరబడి ఉంటే ధమనులు నిత్యం బిగుసుకునే ఉంటాయి. గోడలు మందమవుతాయి. చిన్న నాళాలు దెబ్బతిని, ఏదో ఒకరోజు చిట్లే ప్రమాదం ఉంటుంది.

1944 మార్చిలో గుండె వైద్యుడు హోవార్డ్ బ్రూన్ పరీక్షించినప్పుడు రూజ్‌వెల్ట్ బీపీ 186/108. గుండె కూడా దెబ్బతింది. ఉప్పు, సిగరెట్లు తగ్గించమన్నారు. విశ్రాంతి తీసుకోమన్నారు. గుండెకు డిజిటాలిస్ ఇచ్చారు. కానీ బీపీని అదుపు చేసే మంచి మాత్రలు అప్పటికి లేనే లేవు. అవి అందుబాటులోకి వచ్చింది 1950ల చివర్లో. అధ్యక్షుడు బాగానే ఉన్నారని మాత్రం జనానికి చెబుతూ వచ్చారు.

ఆయన తర్వాత వచ్చిన ట్రూమన్ 1948లో జాతీయ గుండె చట్టంపై సంతకం చేశారు. గుండెజబ్బుల ముప్పును లెక్కగట్టిన ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం మొదలైంది ఆ ఏడాదే. ప్రపంచంలోనే శక్తిమంతమైన నేతకు దొరకని మాత్ర ఇప్పుడు వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతోంది. కాకపోతే హైబీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. చూపించుకుంటేనే తెలుస్తుంది. అందుకే ఏ ఇబ్బందీ లేకపోయినా బీపీ చెక్ చేయించుకోవడం తప్పనిసరి.