ఫుట్‌బాల్ గురువు రహీం గారు

మన యువకులలో ఫుట్‌బాల్ ఆటపై మక్కువ గలవారు చాలామంది ఉన్నారు. అయితే ఆ ఆటలో ఒకప్పుడు భారతదేశాన్ని ఆసియాలో ప్రథమ స్థానానికి చేర్చిన శిక్షకుడు మన హైదరాబాదువారేనని ఎరిగినవారు కొద్దిమందే. అందుచేత సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా వ్రాయదలచాము.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. పట్టభద్రులైన పిదప ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకొంది.

మైదానంలోనూ ఆయన పంతులుగారే. బంతిని ఒక్కడే తిప్పుకొంటూ పోక, వెంటనే తోటివానికి అందించడం నేర్పారు. వాటంలేని కాలితో కూడా కొట్టేలా సాధన చేయించారు. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలోని పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాంకు రాకపోకల ఖర్చు భారమైతే, సైకిలు అద్దె తామే ఇచ్చి సాధనకు రప్పించారు. ఆ కుర్రవాడే పిమ్మట దేశంలోని మేటి ఆటగాళ్లలో ఒకడయ్యాడు.

1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం పొందింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడింది. అక్కడ మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. రహీం గారు కృంగిపోలేదు. బూట్లతో ఆడే కొత్త జట్టును ఓపికగా తీర్చిదిద్దారు. 1956లో ఆ జట్టు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, నాల్గవ స్థానం పొందింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి కేన్సరు ఆయన దేహాన్ని క్షీణింపజేస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించింది. తరువాత రక్షణపంక్తిలోని జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు అతణ్ణి పక్కన కూర్చోబెట్టక, ముందు వరుసలోకి మార్చి ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. స్టేడియం నిండా జనం మనవారికి వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ మరొక గోలు చేయగా, మన జట్టు 2–1తో గెలిచింది.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం గారు 53 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. ఆ పిదప ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి బంగారు పతకం రాలేదు.

జకార్తాలో పతకాలు మెడలో వేసుకొన్నది ఆటగాళ్లు. గురువుకు దక్కింది వారి గెలుపును కన్నులారా చూడడమే. మన ఊళ్లలో సాయంత్రంపూట పిల్లలను చేరదీసి ఆట నేర్పే ఉపాధ్యాయులు నేటికీ ఉన్నారు. వారికి ఒక బంతి, అవసరమున్న పిల్లవానికి ఒక సైకిలు అద్దె సమకూర్చడం మనకు అసాధ్యం కాదని మేము తలుస్తున్నాము.