కార్ల్ ప్రౌస్నిట్జ్: చేప ఎందుకు పడదో తన చర్మం మీదే చూసుకున్న డాక్టర్



జూన్ వచ్చిందంటే మన ఇళ్లలో రెండు హడావుడులు. ఒకటి స్కూళ్లు తెరవడం, రెండోది మృగశిర కార్తె. కార్తె మొదటి రోజు చేప తినాలని పెద్దలు చెబుతారు కాబట్టి మేడ్చల్ మార్కెట్‌లోనైనా, శామీర్‌పేట చెరువు వైపైనా చేపల దగ్గర రద్దీ మామూలే. ఇంటిల్లిపాదీ పులుసు కోసం ఎదురుచూస్తుంటే ఏదో ఒక ఇంట్లో ఒక పిల్లవాడు మాత్రం కంచం పక్కకు నెట్టేస్తాడు. నోరు దురద పెడుతోందంటాడు. మనం నకరాలు చేస్తున్నాడనుకుంటాం. ఒక్క ముక్క తింటే ఏమీ కాదని బలవంతం చేస్తాం.

కొందరికి చేపలు పడవు అని మనం ఎప్పటినుంచో అంటూనే ఉన్నాం. ఆ పడకపోవడం మనసులో పుట్టేది కాదని, అది రక్తంలోనే ఉంటుందని నూరేళ్ల కిందట చూపించిన మనిషి డాక్టర్ కార్ల్ ప్రౌస్నిట్జ్. ఆయన పేరు వైద్య విద్యార్థులందరూ చదువుతారు. తల్లిదండ్రులకు కూడా ఆయన కథ తెలిసి ఉంటే మంచిది.

హాంబర్గ్ నుంచి బ్రెస్లౌ దాకా

ప్రౌస్నిట్జ్ 1876 అక్టోబర్ 11న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పుట్టారు. వైద్యం చదివాక అదే నగరంలో విలియం డన్‌బార్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. గడ్డి పువ్వుల పుప్పొడి గాలిలో తేలే రోజుల్లో కొందరికి ఆగకుండా తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు ఎందుకు వస్తాయన్నది డన్‌బార్ పరిశోధన. ప్రౌస్నిట్జ్‌కు ఆ విషయం పుస్తకాల్లోంచి నేర్చుకోవాల్సిన అవసరం లేకపోయింది, ఎందుకంటే ఆయనకే పుప్పొడి పడేది కాదు. తర్వాత కొన్నేళ్లు లండన్‌లో పనిచేసి, తిరిగి వచ్చి బ్రెస్లౌ నగరంలోని హైజీన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ నగరం ఇప్పుడు పోలండ్‌లో ఉంది.

అప్పటికి ఈ రంగంలో పెద్ద ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. 1902లో ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఒక వింత గమనించారు. ఒక సముద్రజీవి విషాన్ని మొదటిసారి తట్టుకున్న కుక్కలు, కొన్ని వారాల తర్వాత అదే విషం చాలా కొద్దిగా ఎక్కించినా నిమిషాల్లో చనిపోయాయి. ఈ తీవ్రమైన ప్రతిచర్యకు రిషే అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఆ పనికి ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో వియన్నా డాక్టర్ క్లెమెన్స్ ఫాన్ పిర్కె అలర్జీ అనే మాటను సృష్టించారు. పేర్లయితే వచ్చాయి. కానీ ఒకే పళ్లెంలో చేప తిన్న ఇద్దరిలో ఒకరు హాయిగా ఉండి, మరొకరు ఊపిరాడక బాధపడటానికి కారణం శరీరంలో ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

చేప పడని సహోద్యోగి

బ్రెస్లౌలో ప్రౌస్నిట్జ్‌తో కలిసి పనిచేసిన యువ డాక్టర్ హైంజ్ క్యూస్ట్‌నర్. ఆయన 1897లో పుట్టారు, అంటే అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఆయనకు వండిన చేప పడేది కాదు. తిన్న అరగంటలోపే తల మీద, మెడ మీద, పొట్ట మీద దురద మొదలయ్యేది. గొంతు ఎండిపోయేది. కళ్లు ఉబ్బి ఎర్రబడేవి. తుమ్ములు, దగ్గు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి తీసుకోలేకపోవడం, ఆ తర్వాత వాంతులు. పూర్తిగా తేరుకోవడానికి పది పన్నెండు గంటలు పట్టేది. ఆయన ఇవన్నీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసలో గమనించి పెట్టుకున్నారు. ఆ వరుస చదివితే ఈనాటి పిల్లల డాక్టర్ కూడా ఇది చేప అలర్జీ అని వెంటనే చెప్పగలరు.

ముందుగా క్యూస్ట్‌నర్ రక్తంలోని సీరమ్‌ను చేప సారంతో గాజు గొట్టాల్లో కలిపి చూశారు. ఏ మార్పూ కనిపించలేదు. పరీక్షలో ఏమీ రాలేదు కాబట్టి ఇదంతా ఆయన భ్రమ అని ప్రౌస్నిట్జ్ వదిలేయలేదు. క్యూస్ట్‌నర్ సీరమ్‌ను కొద్దిగా తీసుకుని తన పొట్ట మీది చర్మంలోకి ఎక్కించుకున్నారు. మర్నాడు అదే చోట చేప సారాన్ని సూదితో ఎక్కించారు. కాసేపటికే అక్కడ చర్మం దద్దురులా ఉబ్బి, చుట్టూ ఎర్రబడింది. ప్రౌస్నిట్జ్‌కు చేప అలర్జీ లేదు. సీరమ్ ఎక్కించని చోట చర్మం మామూలుగానే ఉంది. అంటే క్యూస్ట్‌నర్ రక్తంలో ఉన్న ఏదో పదార్థమే చేపను గుర్తుపట్టి ఆ దద్దురు తెచ్చింది.

పుప్పొడితో కూడా ఇలాగే చేసి చూడాలని అనుకున్నారు కానీ వాళ్లకు అది ఫలించలేదు. చేపతో ఫలించింది. 1921లో ఇద్దరూ కలిసి ఈ ఫలితాన్ని ప్రచురించారు. ఆ పరీక్షకు ప్రౌస్నిట్జ్-క్యూస్ట్‌నర్ పరీక్ష అని ఇద్దరి పేర్లూ నిలిచిపోయాయి. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా డాక్టర్లు దాన్ని వాడారు. ఒకరి సీరమ్‌ను మరొకరికి ఎక్కిస్తే రక్తం ద్వారా వచ్చే జబ్బులు కూడా సోకే ప్రమాదం ఉందని తెలిశాక ఆపేశారు.

దేశం విడిచిన ప్రొఫెసర్

1926లో ప్రౌస్నిట్జ్ బ్రెస్లౌలో ప్రొఫెసర్ అయ్యారు. 1933లో జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చాక యూదు మూలాలున్న ఆయనకు అక్కడ చోటు లేకుండా పోయింది. యాభై ఏడేళ్ల వయసు దగ్గరపడుతుండగా ఇంగ్లండ్ చేరారు. మాంచెస్టర్‌లో ఉంటూ పత్తి మిల్లుల దుమ్ము వల్ల కార్మికులకు వచ్చే శ్వాస జబ్బుల మీద పరిశోధన చేశారు. తర్వాత వైట్ దీవిలోని వెంట్‌నర్ అనే చిన్న ఊళ్లో సాధారణ డాక్టర్‌గా స్థిరపడ్డారు. అక్కడ ఆయన్ని ప్రౌస్నిట్జ్-గైల్స్ అనేవారు. 1963 ఏప్రిల్‌లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

ఆ రక్తంలోని పదార్థం ఏమిటన్నది ఆయన చూడలేకపోయారు. మరో మూడేళ్లకు, 1966లో, అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దాన్ని పట్టుకున్నారు. వాళ్లకు దారి చూపింది ప్రౌస్నిట్జ్ పరీక్షే. అదే సమయంలో స్వీడన్‌లోని శాస్త్రవేత్తలు కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇ, అంటే ఐజీఇ అని పేరు పెట్టారు. ఈరోజు మన పిల్లలకు డాక్టర్ రాసే ఐజీఇ రక్త పరీక్షకు మూలం 1921 నాటి ఆ దద్దురే.

ఈ కథలో మన పిల్లలకు పనికొచ్చేది

చేప కండలో పార్వాల్బ్యుమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చేప అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పడనిది అదే. ఉడికించినా, వేయించినా అది పూర్తిగా పోదు. అందుకే బాగా వండాను కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లలకు పెరిగే కొద్దీ తగ్గుతాయి. చేప అలర్జీ మాత్రం ఎక్కువగా పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది. కొంచెం కొంచెం తినిపిస్తే అలవాటవుతుందని ఇంట్లో ప్రయత్నించకండి.

లక్షణాలు సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు కనిపిస్తాయి. నోట్లో దురద, దద్దుర్లు, పెదవులు లేదా కళ్లు వాయడం, కడుపునొప్పి, వాంతులు ఉంటే ఆ రోజు ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏం జరిగిందో క్యూస్ట్‌నర్‌లాగే వరుసగా రాసిపెట్టండి. వీలైతే దద్దుర్లను ఫోన్‌లో ఫొటో తీయండి. పిల్లల డాక్టర్‌కో, అలర్జీ స్పెషలిస్ట్‌కో చూపించండి. చర్మ పరీక్ష, రక్త పరీక్ష ఫలితాలను ఈ వివరాలతో కలిపి చూసే డాక్టర్ నిర్ణయిస్తారు. నిల్వ సరిగా లేని చేప తిన్నప్పుడు అలర్జీ లేనివాళ్లకు కూడా ముఖం ఎర్రబడి దద్దుర్లు రావచ్చు. అలాంటప్పుడు అదే చేప తిన్న మిగతావాళ్లకూ వచ్చే అవకాశం ఉంటుంది. ఆ తేడా కూడా డాక్టరే తేల్చాలి. రొయ్యలు, పీతల అలర్జీ వేరు, చేప అలర్జీ వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉండాలని లేదు. అయినా డాక్టర్ చెప్పేదాకా రెండూ పెట్టకపోవడం మేలు.

ఊపిరి అందకపోవడం, పిల్లికూతలు, గొంతు బిగుసుకోవడం, మాట బొంగురుపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే అది అనాఫిలాక్సిస్ కావచ్చు. అప్పుడు ప్రాణం కాపాడే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. దాన్ని తొడ బయటి వైపు కండకు ఇస్తారు. సెట్రిజిన్ లాంటి మాత్రలు దురద తగ్గిస్తాయి కానీ ఊపిరిని కాపాడలేవు. మాత్ర వేసి చూద్దాం అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. బిడ్డను నడిపించకండి, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు కాబట్టి ఆస్పత్రిలో పరిశీలనలో ఉంచడం అవసరం. రాజీవ్ రహదారి మీదో, నాగ్‌పూర్ హైవే మీదో సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మీ ఇంటికి దగ్గరలో రాత్రింబవళ్లు ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రి ఏదో ముందే తెలుసుకోండి. ఇంట్లో అడ్రినలిన్ ఉంచుకోవాలా, ఎలా వాడాలి అన్నది డాక్టర్‌ని అడగండి.

ఉబ్బసం కూడా ఉన్న పిల్లల్లో ఈ ప్రతిచర్య మరింత తీవ్రంగా ఉండవచ్చు. మృగశిర కార్తెకు చేప మందు కోసం పిల్లల్ని తీసుకెళ్లే కుటుంబాలు మనలో ఉన్నాయి. చేప పడదని ఏ మాత్రం అనుమానమున్నా ఆ బిడ్డకు చేపతో ఇచ్చేది ఏదీ మింగించకండి.

బయట తినేటప్పుడు అపోలో ఫిష్ వేయించిన నూనెలోనే చికెన్ కూడా వేయిస్తారేమో అడగండి. పులుసులో తిప్పిన గరిటె పప్పులో పెట్టినా చాలు కొందరికి. కొన్ని చైనీస్ వంటకాల్లో ఫిష్ సాస్ ఉంటుంది. ఒమేగా-3 క్యాప్సూళ్లు చాలావరకు చేప నూనెవే. కొందరు పిల్లలకు చేప వేగుతున్నప్పుడు వచ్చే ఆవిరి కూడా పడదు. అలాంటప్పుడు బిడ్డను వంటింటికి దూరంగా ఉంచాలి.

ఇక స్కూల్ సంగతి. ఈ నెలలో మీరు నింపే మెడికల్ ఫామ్‌లో అలర్జీ గడిని ఖాళీగా వదలకండి. లక్షణాలు, మందుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి డాక్టర్ ఇచ్చిన కాగితం జత చేయండి. క్లాస్ టీచర్‌కు, బస్ ఆయమ్మకు కూడా నేరుగా చెప్పండి. స్నేహితుల టిఫిన్ బాక్స్‌లోంచి తినకూడదని బిడ్డకు నేర్పండి. అలాగే, అలర్జీ లేని పిల్లలకు తోటివాళ్లను ఏడిపించకూడదని, బలవంతంగా తినిపించకూడదని మీరూ మేమూ కలిసి చెబుదాం.

ప్రౌస్నిట్జ్ చేసిన పని వెనక ఒక మామూలు విషయం ఉంది. తోటి మనిషి నాకిది పడదు అంటే, గాజు గొట్టంలో రుజువు దొరక్కపోయినా ఆయన ఆ మాటను కొట్టిపారేయలేదు. మన బిడ్డ అదే మాట అన్నప్పుడు మనం చేయాల్సిందీ అంతే. ముందు కంచంలోంచి ఆ ముక్క తీసేసి, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్దాం.