భాభా మహాశయుడు

హోమీ జహంగీర్ భాభా 1909లో బొంబాయి నగరమున జన్మించెను. కేంబ్రిడ్జిలో విద్య నభ్యసించి, విశ్వకిరణములపై పరిశోధనలు చేసి ఖ్యాతి గాంచెను. 1948లో భారత అణుశక్తి సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

ఆ దినములలో అణుశాస్త్రము అగ్రరాజ్యముల గుప్తధనము. అమెరికా, రష్యాలకు పరస్పర విశ్వాసము లేదు. అట్టి సమయమున ఐక్యరాజ్యసమితి, అణుశక్తిని విద్యుత్తు, వైద్యము మున్నగు శాంతికార్యములకు వినియోగించుటను గూర్చి 1955 ఆగస్టులో జెనీవా నగరమున మహాసభ జరుప నెంచి, ఏడు దేశముల శాస్త్రజ్ఞులతో సలహాసంఘము నొకదానిని నియమించెను. భాభా అందొకడు. ఆ సంఘమునకు ఆజ్ఞాపించు అధికారము లేదు. సలహా చెప్పుటయే దాని పని. అయినను రాజకీయములకు తావీయక శాస్త్రవిషయములనే చర్చింపవలెనని అది చేసిన కట్టుబాటుతోనే సభ నడచెను. 73 దేశముల ప్రతినిధులు వచ్చిరి. భాభా అధ్యక్షత వహించెను. వేర్వేరు దేశములవారు యురేనియమును గూర్చి రహస్యముగా కొలిచి దాచుకొన్న లెక్కలను అచట పోల్చి చూడగా, అవి ఇంచుమించు సమానములై యుండెను! అందరును ఏండ్ల తరబడి దాచినది ఒక్క సత్యమునే.

1957లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వెలసెను. వియన్నా నగరము దానికి కేంద్రమయ్యెను. దాని శాస్త్రసలహాసంఘమునందును భాభా సభ్యుడు. అణ్వస్త్రములు గల దేశములను విడిచి, లేనివారినే తనిఖీ చేయుట న్యాయము కాదని ఆయన నిర్భయముగా వాదించెను. 1966 జనవరి 24న ఆ సంఘపు సమావేశమునకై వియన్నాకు పోవుచుండగా, ఆయన యెక్కిన విమానము ఆల్ప్స్ పర్వతములలోని మాంట్ బ్లాంక్‌ను ఢీకొనెను. అందలి 117 మందిలో ఒక్కరును బ్రతుకలేదు.